నది ఒడ్డున రాజధాని

ప్రయాణం జ్ఞానాన్ని పెంచుతుందని పెద్దలంటారు. అయితే దూరం వెళ్ళినంత మాత్రాన చూపు విశాలం కాదు. దగ్గరి ఊరినైనా చూడవలసిన విధంగా చూడాలి. ఆదోని నుంచి గాని, ఎమ్మిగనూరు నుంచి గాని కర్నూలు బస్సెక్కేవారిలో చాలామంది ఆసుపత్రికో, న్యాయస్థానానికో, కలెక్టరు కార్యాలయానికో వెళ్ళేవారే. పని ముగియగానే తిరుగు బస్సు కోసం ఎదురుచూస్తారు. ఆ నగరం ఒకనాడు రాష్ట్ర రాజధాని అని తెలిసినా, దానిని యాత్రికుని కంటితో చూసేవారు అరుదు. దూరదేశంలోని ఒక నదీతీర రాజధానిని పరిశీలించి, అదే దృష్టితో కర్నూలును చూస్తే ఎన్నో విషయాలు బోధపడతాయి.

అసున్సియోన్

దక్షిణ అమెరికాలో సముద్రతీరం లేని దేశాలలో పరాగ్వే ఒకటి. దాని రాజధాని అసున్సియోన్ పరాగ్వే నది ఒడ్డున వెలసింది. 1537 ఆగస్టు 15న స్పెయిన్ దేశస్థుడైన హువాన్ దె సలసార్ అక్కడ ఒక కోటను నెలకొల్పాడు. అక్కడి నుంచి బయలుదేరిన జనమే 1580లో బ్యూనస్ ఎయిర్స్ నగరాన్ని తిరిగి స్థాపించారు. అందువల్ల అసున్సియోన్‌కు ‘నగరాల తల్లి’ అనే పేరు వచ్చింది. కాలక్రమంలో ఆ ప్రాంతపు అధికారమూ వర్తకమూ బ్యూనస్ ఎయిర్స్‌కే తరలిపోయాయి.

యాత్రికులను ముందుగా ఆకర్షించేది నదికి అభిముఖంగా ఉన్న లోపెస్ భవనం. 19వ శతాబ్దంలో నిర్మించిన ఆ సౌధం దేశాధ్యక్షుని కార్యాలయం. నగర వీధులలో స్పానిష్‌తో పాటు స్థానిక భాష అయిన గ్వారానీ కూడా వినిపిస్తుంది. 1992 నాటి రాజ్యాంగం ఈ రెండింటినీ అధికార భాషలుగా గుర్తించింది. ఆ సౌధానికి సమీపంలోనే చకరీత అనే పేదల పేట ఉంది. 2014, 2015 సంవత్సరాలలో నది పొంగినప్పుడు ఇటువంటి పల్లపు పేటలలోని వేలాది ప్రజలు ఇళ్ళు విడిచి, మెరక ప్రదేశాలలో తాత్కాలిక గుడిసెలు వేసుకొన్నారు. సౌధాన్ని మాత్రమే చూసి వచ్చినవాడు సగం నగరాన్నే చూసినవాడవుతాడు.

కర్నూలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పొలాలకు దిగువ కాలువ ద్వారా నీరందించే తుంగభద్రయే మంత్రాలయం మీదుగా ప్రవహించి కర్నూలు చేరుతుంది. అక్కడ హంద్రీ నది దానిలో కలుస్తుంది. పూర్వం అలంపురం ఆలయాలకు రాళ్ళు తరలించే బండ్లవారు నది దాటే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన రాసుకొనేవారనీ, అందువల్ల ఈ ఊరు ‘కందనవోలు’ అయిందనీ ప్రతీతి.

అసున్సియోన్ పుట్టిన కాలంలో విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు పాలిస్తున్నాడు. కర్నూలు కోటను ఆయన కాలపు నిర్మాణంగా చెబుతారు. ఆ కోటకు గుర్తుగా మిగిలిన కొండారెడ్డి బురుజు నగరం నడుమ నిలిచి ఉంది. హంద్రీ గట్టున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధి బీజాపూరు సుల్తానుల పాలనను గుర్తుచేస్తుంది.

1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకొనే అవకాశాన్ని రాయలసీమకు కల్పించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయింది. టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి. హైకోర్టు గుంటూరులో ఏర్పాటైంది. భవనాలు చాలక కార్యాలయాలు కొన్ని గుడారాలలోనే నడిచాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి, రాజధాని హైదరాబాదుకు మారింది. కర్నూలు రాజధానిగా ఉన్నది ముప్పై ఏడు నెలలు మాత్రమే. 2020లో కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొంటూ చట్టం చేసినా, 2021లో దానిని ఉపసంహరించారు.

రాజధాని హోదా శాసనంతో వచ్చి, శాసనంతోనే పోయింది. నది మాత్రం ఎక్కడికీ పోలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం కూడా నిండి ఉండడంతో నీరు వెనుకకు తన్ని, నగరంలోని పల్లపు ప్రాంతాలు జలమయమయ్యాయి. ఆ వరదలోనే మంత్రాలయం కూడా మునిగింది. అదే జిల్లా పశ్చిమ భాగంలో వానలు లేని ఏడాదిలో కూలీలు పిల్లాపాపలతో వలస పోవలసి వస్తుంది. ఒకే నదీ పరీవాహక ప్రాంతంలో ఒకచోట నీరు ముంచెత్తడం, మరొకచోట నీరు లేక ఊరు ఖాళీ కావడం ఆలోచింపజేసే విషయం.

కాబట్టి కర్నూలుకు వెళ్ళిన విద్యార్థి బురుజును చూడడంతో తృప్తి పడరాదు. అక్కడి నుంచి నది గట్టుకు నడిచి వెళ్ళాలి. వరద ఎంతవరకు వచ్చిందో అక్కడివారిని అడగాలి. గుడారాలలో ప్రభుత్వం నడిచిన రోజులను చూసిన వృద్ధులెవరైనా ఉంటే వారి మాటలు వినాలి. ఆ మాటలను రాసిపెట్టుకొంటే, అది ఆ నగర చరిత్రకు ఒక పుట అవుతుంది.

అర్థాలు
అభిముఖంగా – ఎదురుగా
సౌధం – మేడ, గొప్ప భవనం
మెరక – ఎత్తయిన నేల
ప్రతీతి – జనంలో ప్రసిద్ధమైన మాట
ఒడంబడిక – ఒప్పందం

ప్రశ్నలు
1. అసున్సియోన్‌కు ‘నగరాల తల్లి’ అనే పేరు ఎందుకు వచ్చింది?
2. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయిన తీరును వివరించండి.
3. నదీతీర నగరాన్ని యాత్రికుడు ఎలా చూడాలో రెండు నగరాల ఆధారంగా చర్చించండి.