డాక్టరుగారు మనకిచ్చిన వేళ



కొండాపురం నుండి ఒక అవ్వ పంటి నొప్పితో బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్ళింది. పంటి డాక్టరుగారికి ఆ రోజు సాయంత్రం దాకా ఖాళీ లేదు. మాత్రలు రాసిచ్చి, "సోమవారం రా అవ్వా" అని పంపివేశారు. ఆ సాయంత్రం 4 గంటల వేళ నాకు కేటాయించినది. ఏదో పని తగిలి నేను వెళ్ళలేదు. ఫోనయినా చేయలేదు. తరువాత వెళ్ళినప్పుడు డాక్టరుగారు నెమ్మదిగా అన్నారు: "ఫాదర్, మీరు రారని ఉదయమే తెలిసివుంటే ఆ అవ్వను ఉండమనేవాణ్ణి." నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మనం వెళ్ళకపోతే నష్టం డాక్టరుకే అనుకుంటాము. నిజమే, ఆయన పరికరాలను ఆవిరిలో శుద్ధి చేసి సిద్ధంగా ఉంచుతారు. కుర్చీ ఖాళీగా ఉన్నా అద్దె, సహాయకుల జీతం ఆగవు. కానీ మనకిచ్చిన వేళ మరొకరికి లేదన్న వేళ. నష్టపోయేది ముందుగా ఆ మరొకరు.

రెండవ నష్టం మనకే. రూట్ కెనాల్ వైద్యానికి తరచు రెండు మూడుసార్లు వెళ్ళవలసి ఉంటుంది. మొదటిసారికే నొప్పి తగ్గుతుంది. నొప్పి పోయింది గదా అని చాలామంది మానివేస్తారు. నొప్పి పోవడం వేరు, జబ్బు పోవడం వేరు. లోపల పెట్టినది తాత్కాలికపు సిమెంటు. అది కొన్ని వారాలకే అరిగిపోయి, సందులలో ఉమ్మి, క్రిములు చేరుతాయి. చివరకు పన్నే తీయవలసి రావచ్చు. కట్టుడు పళ్ళకు అచ్చు ఇచ్చి నెలల తరబడి వెళ్ళకపోతే, చిగురు అణిగి ఆ పళ్ళు సరిపోకుండా పోతాయి.

జర్మనీ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1785లో వెలువరించిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక పరీక్ష పెట్టాడు: నేను చేసే పనిని అందరూ నియమంగా పెట్టుకుంటే ఏమవుతుంది? ఈ విషయంలో జవాబు మన కళ్ళ ముందే ఉన్నది. ఎలాగూ కొందరు రారని డాక్టరు ఒకే వేళకు ఇద్దరు ముగ్గురిని రమ్మంటారు. అందరూ వచ్చిన రోజున వేళకు వచ్చినవారే గంటల కొద్దీ బెంచీమీద కూర్చుంటారు. అది చూసి, వేళకు పోయి లాభమేమని మరికొందరు మానుకుంటారు. మాటకు విలువ పోవడమంటే ఇదే.

రానివారందరూ నిర్లక్ష్యపరులని నేననను. వేరుశనగ పీకే రోజున కూలి వదులుకోవడం కష్టం. బస్సు రాకపోవచ్చు. సూదికి భయం ఉంటుంది. చేతిలో డబ్బు లేక, చెప్పడానికి మొహమాటపడి ఇంట్లో ఉండిపోయేవారూ ఉన్నారు. కొన్నిచోట్ల రానివారిపై రుసుము వేస్తారు. పేదవానికి అది మరొక భారం. ఇంగ్లాండులో ప్రభుత్వ పంటి వైద్యం క్రింద 2006 నుండి అట్టి రుసుము వేయరాదు. మందు రుసుములో లేదు, ముందుగా చెప్పడంలో ఉన్నది. వేళ తీసుకునేటప్పుడే మన పని రోజులు, బస్సు వేళలు చెప్పాలి. డబ్బు ఇబ్బంది ఉంటే దాచకూడదు. రాలేకపోతే ముందురోజే కబురు చేయాలి. మరునాటి ఉదయం చేసినా చేయకపోవడం కంటె మేలే. డాక్టరుగారు ఊరికి వెళ్ళవలసివస్తే, ఆయనకూ ఇదే న్యాయం. కూలి వదులుకుని వచ్చినవాని సమయం కూడా సమయమే.

249 ప్రాంతాన అలెగ్జాండ్రియాలో పళ్ళు రాలగొట్టబడి వేదసాక్షిగా మరణించిన పునీత అపొల్లోనియమ్మ పండుగ ఫిబ్రవరి 9న. పంటి నొప్పిలో ఆమెను వేడుకోవడం మంచిదే. డాక్టరు ఇచ్చిన వేళకు వెళ్ళడమూ మంచిదే.

ఇంటిల్లిపాది మాట్లాడుకొనుటకు:
1. మన ఇంట్లో మధ్యలో ఆపిన వైద్యం ఏదైనా ఉన్నదా? ఎందుకు ఆపాము?
2. వస్తామని వెళ్ళని చోట మనకోసం ఎవరు కాచుకున్నారు?
3. ఈ వారం ఎవరికి ముందుగా కబురు చేయాలి?