గాయం ఎరిగిన నాయకత్వం



కొన్ని నెలల క్రితం ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని విచారణ గృహానికి వచ్చారు. ఆ అమ్మాయి కష్టపడి చదివి, పరీక్షలు రాసి, ఒక బ్యాంకు శాఖకు మేనేజరైంది. మిఠాయి చేతిలో పెట్టి, కాసేపటికి మనసులోని మాట చెప్పింది. “ఫాదర్, మా శాఖలో ఒక అమ్మాయి ఉంది. ఎవరైనా గొంతు పెంచితే చాలు, చేతులు వణుకుతాయి, లెక్క తప్పుతుంది, లోపలికి వెళ్లి ఏడుస్తుంది. నేను మాత్రం పడలేదా? నన్నెవరు ఓదార్చారు? ఇలాంటివాళ్లతో శాఖను ఎలా నడపాలి?”

ఆ ప్రశ్నను తేలికగా తీసివేయలేం. మన ఆడపిల్లలు బడులలో, ఆసుపత్రులలో, కార్యాలయాలలో బాధ్యతగల పదవులకు ఎదుగుతున్నారు. ఎదగాలన్న కోరిక తప్పు కాదు. దేవుడిచ్చిన తలాంతును మట్టిలో పాతిపెట్టడమే తప్పు. అయితే పదవితోపాటు గాయపడిన మనుషులు కూడా మన చేతికి వస్తారు. ఒక్కొక్కసారి ఆ గాయపడిన మనిషి నాయకురాలే అయి ఉంటుంది.

గాయమంటే ఏమిటి?

ప్రాణభయం, హింస, అవమానం, అత్యాచారం వంటివి మనిషి తట్టుకునే శక్తిని మించినపుడు మనసుకు తగిలే దెబ్బను ట్రామా అంటారు. సంఘటన ముగిసినా శరీరం దాన్ని మరచిపోదు. తాగివచ్చిన తండ్రి కేకలు వింటూ పెరిగిన పిల్ల, ఇరవై ఏళ్ల తరువాత ఆఫీసరు కేక విన్నా అదే పిల్లలా వణకవచ్చు. అది నటన కాదు, సోమరితనం అంతకన్నా కాదు. ప్రమాదం వచ్చిందని శరీరం మోగించే గంట అది.

యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులలో ఈ బాధను వైద్యులు ముందుగా గుర్తించారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన గ్రంథంలో దీనిని ఒక వ్యాధిగా చేర్చింది. ఇంట్లో హింసకు గురైన స్త్రీల గాయమూ అలాంటిదేనని 1992లో జూడిత్ హెర్మన్ అనే వైద్యురాలు తన పుస్తకంలో వివరించారు. కోలుకోవడానికి మొదటి మెట్టు భద్రత అని ఆమె చెప్పారు. 1998లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, బాల్యంలో పడిన బాధలకు పెద్దయ్యాక వచ్చే జబ్బులకు సంబంధం ఉన్నదని చూపింది.

ఈ గాయం అందరిలో ఒకే విధంగా కనబడదు. ఒకరు ఉలిక్కిపడతారు, ఒకరు మౌనమవుతారు, ఒకరు సెలవులు పెడతారు. మరొకరు రాత్రింబగళ్లు పనిచేస్తూనే ఉంటారు. ఆగితే పాత జ్ఞాపకం వస్తుందన్న భయం వారిది. కాబట్టి మెచ్చుకోదగిన పట్టుదల వెనుక కూడా గాయం దాగి ఉండవచ్చు.

“నేను పడలేదా?” అనే మాట

ఈ మాటకు జవాబు వెదకినపుడు నాకు గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన రోజులు, ఎడిత్ స్టెయిన్ గుర్తుకు వచ్చారు. 1891లో యూదు కుటుంబంలో జన్మించిన ఆమె హుస్సెర్ల్ అనే తత్వవేత్త శిష్యురాలు. 1915లో రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో రోగులకు సేవ చేశారు. 1916లో డాక్టరు పట్టాకు ఆమె ఎంచుకున్న విషయం తదనుభూతి, అనగా ఎదుటివారి అనుభవాన్ని మనం ఎలా గ్రహిస్తాము అన్నది. ఆమె చెప్పినదానిని క్లుప్తంగా ఇలా చెప్పుకోవచ్చు: ఎదుటివారి బాధను నేను గ్రహించగలను, కాని అది నా బాధగా మారదు. అది వారిదే.

ఇందులో మనకొక పాఠం ఉంది. “నేను తట్టుకున్నాను, నీవూ తట్టుకో” అనేవారు ఎదుటివారి గాయాన్ని తమ గాయంతో కొలుస్తున్నారు. “నీ బాధ నాకంతా తెలుసు” అనేవారు కూడా అదే పొరపాటు చేస్తున్నారు. మంచి నాయకురాలు ఈ రెండూ అనదు. “నీకు ఎలా ఉంటే పని చేయడానికి వీలవుతుంది?” అని అడుగుతుంది.

ఎడిత్ స్టెయిన్ కూడా దెబ్బతిన్నవారే. స్త్రీ అయినందువలన విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవికి మార్గం మూసివేశారు. ఆమె మౌనంగా ఉండక ప్రభుత్వానికి విన్నవించారు. 1920లో, స్త్రీ కావడం అందుకు అడ్డంకి కారాదని మంత్రిత్వ శాఖ తెలియజేసింది. ఆ ఫలం ఆమెకు దక్కలేదు, తరువాతి స్త్రీలకు దక్కింది. 1942లో నాజీలు ఆమెను నిర్బంధించినపుడు, దుఃఖంతో చేష్టలుడిగిన తల్లుల పిల్లలకు ఆమె స్నానం చేయించి తలలు దువ్వారని చూసినవారు చెప్పారు. ఆ ఆగస్టులోనే ఔష్విట్జ్‌లో ఆమెను చంపారు. 1998లో శ్రీసభ ఆమెను పునీతగా ప్రకటించింది. తనకు తగిలిన దెబ్బను ఆమె ఇతరులకు పంచిపెట్టలేదు.

ఆచరణలో ఏమి చేయాలి?

1. నలుగురిలో మందలించవద్దు. తప్పు చెప్పవలసినదే, కాని విడిగా, మెల్లని గొంతుతో చెప్పాలి.

2. ముందుగా కారణం చెప్పండి. “సాయంత్రం నా గదికి రా” అని ఊరుకుంటే, గాయపడిన మనిషి ఆ రోజంతా భయంతో చస్తుంది. “నిన్నటి లెక్క గురించి పది నిమిషాలు మాట్లాడదాం” అంటే చాలు.

3. ఎంచుకునే వీలు ఇవ్వండి. తలుపు తెరిచి ఉంచాలా, తోడు ఎవరైనా కావాలా, ఇప్పుడా రేపా అని అడగండి. గాయం మనిషి చేతిలోనుండి లాక్కున్నది ఈ స్వేచ్ఛనే.

4. గతాన్ని తవ్వవద్దు. మీరు వైద్యులు కారు. తానుగా చెబితే వినండి, విన్నది దాచండి.

5. పని ప్రమాణం తగ్గించవద్దు. జాలితో పని తీసివేస్తే ఆమెను మరోసారి చిన్నబుచ్చినట్లే. ప్రమాణం అదే ఉండాలి, దారి మారాలి.

చట్టం అప్పగించిన బాధ్యత

1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన గ్రామ కార్యకర్త భన్వరీ దేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘోరం దరిమిలా వచ్చిన విశాఖ కేసులో 1997లో సుప్రీంకోర్టు పనిచేసే స్త్రీల రక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత వహించవలసినది ఉన్నత స్థాయిలో ఉన్న స్త్రీయే. కనుక నేడు పదోన్నతి పొందిన మీ కుమార్తె రేపు ఆ కుర్చీలో కూర్చోవచ్చు.

ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయలేని స్త్రీకి రాయడంలో కమిటీ సాయపడాలి. గాయపడినవారు ఆలస్యంగా మాట్లాడతారు, జరిగినది వరుసగా చెప్పలేకపోతారు. దానినే అబద్ధానికి రుజువుగా తీసుకోరాదు. ఎదుటి పక్షం మాట కూడా నిదానంగా వినాలి.

నా తప్పు ఒకటి

చాలా సంవత్సరాల క్రితం ఒక సోదరి నా వద్దకు వచ్చి, పనిచేసే చోట పై అధికారి ప్రవర్తన గురించి సగం సగం మాటలతో చెప్పింది. నేను పూర్తిగా వినలేదు. “ఓర్చుకో అమ్మా, ప్రార్థించు” అన్నాను. ఆమె ఉద్యోగం మానేసింది. మరలా నాతో ఆ మాట ఎత్తలేదు. ఓర్పు గొప్ప గుణమే; కాని అన్యాయం చేసేవానికి అది కవచం కారాదు. ఆనాడు నేను చేయవలసినది ప్రసంగం కాదు, వినడం.

తల్లిదండ్రులారా, భర్తలారా, “సర్దుకుపో” అనే మాటను నాలుక చివరనే ఆపండి. ఇంటికి అలసివచ్చిన స్త్రీకి ఒక గంట విశ్రాంతి దొరికేలా చూడండి. నాయకురాలి గాయం కూడా మానాలి. అవసరమైతే మనోవైద్యుని కలవడం విశ్వాసలోపం కాదు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416 అందుకే ఉంది.

నెల తరువాత ఆ మేనేజరు మళ్లీ పూజకు వచ్చింది. “ఆ అమ్మాయికి ఏమి జరిగిందో నేను అడగలేదు, ఫాదర్. గొంతు తగ్గించాను, అంతే. ఇప్పుడు లెక్క తప్పితే తానే వచ్చి చెబుతోంది” అన్నది. గుమ్మం దాటబోతూ ఆగి, “నాకు కూడా ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది” అన్నది. ఈసారి నేను కుర్చీ జరిపి కూర్చున్నాను.

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. మన ఇంట్లో ఎవరి గొంతు విని ఎవరు భయపడుతున్నారు?

2. మన కుమార్తె పనిలో అవమానం గురించి చెబితే, మన నోట వచ్చే మొదటి మాట ఏమిటి?

3. నేను పడిన కష్టాన్ని ఇతరులను కొలిచే కొలబద్దగా వాడుతున్నానా?