పెంపుడు జంతువుల నేత్రరక్షణ

ఎద్దు కుంటినయెడల ఆనాడే పశువైద్యునికి చూపుదుము. ఇల్లు కాచు కుక్కగాని, గాదెను ఎలుకలనుండి కాపాడు పిల్లిగాని ఒక కన్ను మూసికొని నీరు కార్చుచుండినచో, అదే తగ్గునని విడిచిపెట్టుదుము. ఈ యుపేక్షవలన చూపు పోవుచున్నది. కావున ఈ మాసమున నేత్రరక్షణను గూర్చి వ్రాయుచున్నాము.

నల్లగ్రుడ్డుపైన గాజువంటి పొర యొకటి కలదు. దీనిని కార్నియా యందురు. కుక్కలలో దీని మందము అరమిల్లీమీటరుకంటె కొంచెము మాత్రమే హెచ్చు. కళ్లములోని ఊకగాని, గడ్డివెన్నుల ముల్లుగాని, తోటలోని కొబ్బరిపీచుగాని, పిల్లిగోరుగాని తగిలినచో దీనిపై పుండు పడును. కుక్కకును పిల్లికిని ముక్కువైపున మూడవ రెప్పకూడ కలదు. ముల్లు దాని వెనుక దాగి, కదలినప్పుడెల్ల గీచుచుండును. పైకి మనకు కనబడదు.

కన్ను చికిలించుట, నీరు కారుట, వెలుగు చూడలేకపోవుట, కాలితో రుద్దుకొనుట, గ్రుడ్డుపై తెలుపు గాని నీలము గాని క్రమ్ముట పుండునకు గురుతులు. ఇట్టి సమయమున చనుబాలు, ఆముదము, ఆకుపసరు పోయుట మనలో కొందరికి వాడుక. ప్రేమతో చేసినను వీనివలన సూక్ష్మజీవులు పుండులో చేరును.

ఇంతకంటె ప్రమాదకరమైనది వేరొకటి కలదు. తాతగారి శుక్లమునకు శస్త్రచికిత్సయైన పిమ్మట మిగిలిన చుక్కలను కొందరు కుక్క కంటిలో వేయుదురు. ఆ చుక్కలలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడు మందు తరచుగా నుండును. దానివలన ఎఱ్ఱదనము తగ్గి, నయమైనట్లు తోచును. కాని పుండు మానక లోతగును; ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు దినములలోనే పొర కరగి చిల్లుపడును.

వైద్యుడు ముందుగా ఫ్లోరెసీన్ అను రంగుకాగితమును కంటికి తాకించి నీటితో కడుగును. పుండున్నచోట రంగు నిలిచి, నీలికాంతిలో పచ్చగా మెఱయును. ఈ పరీక్ష జరుగకుండ స్టిరాయిడు చుక్క వేయరాదు.

మనము చేయదగినది స్వల్పము. నొప్పిగానున్న జంతువు కరచును గనుక కుక్క మూతిని మెత్తని గుడ్డపీలికతో కట్టవలయును. ఊపిరికి అడ్డు రాకుండ చూడవలయును. శుభ్రమైన సెలైనుతో కంటిని కడుగవలయును. గ్రుచ్చుకొన్నదానిని లాగరాదు. రుద్దుకొనకుండ మెడచుట్టు అట్టతో గరాటువలె కట్టి, ఆనాడే పశువైద్యశాలకు తీసికొనిపోవలయును.

కన్ను ఎఱ్ఱబడి ఉబ్బి గట్టిపడినచో అది గ్లకోమా కావచ్చును. ఒకటి రెండు దినములలోనే చూపు పూర్తిగా పోవచ్చును. ముసలికుక్క కంటిలోని నీలిచాయ యంతయు శుక్లము కాదు. వార్ధక్యమువలన కటకము గట్టిపడినను అట్లే కనబడును, చూపు మిగులును. నిజమైన శుక్లమునకు మనుష్యులకు వలెనే శస్త్రచికిత్స కలదు. దూడలకు ఎండుగడ్డి మాత్రమే వేసి పచ్చమేత మానినచో ఏ విటమిను కొఱవడి రేచీకటి కలుగును.

అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో ప్రభుత్వ పశువైద్యశాలలు కలవు. అచ్చట కుదురని చికిత్సకు, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన గన్నవరము కళాశాలకు వైద్యుని సలహాపై పోవచ్చును. సంఘ కార్యాలయమున రెండు సెలైను సీసాలు, దూది, మూతిపట్టీ ఉంచిన వ్యయము స్వల్పము. రాబోవు సమావేశమున సభ్యులు దీనిని ఆలోచింపగోరుచున్నాము. నోరులేని జీవి తన బాధను కన్నీటితోనే చెప్పును. దానిని ఆనాడే వినుట మన విధి.