మన సంపదలో పేదల హక్కు: పిల్లలకు ఎలా నేర్పాలి?

మన పిల్లలు మక్తబ్‌లో తొలినాళ్లలోనే కంఠస్థం చేసే సూరాల్లో ‘అల్ మాఊన్’ ఒకటి. అనాథను కసరి గెంటేవాడు, పేదవానికి అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడు ప్రతిఫల దినాన్ని తిరస్కరించేవాడేనని ఈ సూరా హెచ్చరిస్తోంది. పిల్లలు దీన్ని తడబడకుండా చదువుతారు. కాని ఆ పేదవాడు ఎవరు, అతనికి అన్నం ఎందుకు దొరకలేదు అని అడిగితే చాలామంది జవాబు చెప్పలేరు. ఉపన్యాసం వింటే ఇది బోధపడదు. నలుగురూ కలిసి చేతులతో చేసినప్పుడే మనసుకెక్కుతుంది. మక్తబ్‌లోగాని, ఇంట్లోగాని చేయించదగ్గ మూడు పనులను ఇక్కడ వివరిస్తున్నాము.

మొదటి పని: పన్నెండు చీటీలు

పన్నెండుమంది పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి చీటీలు తీయించండి. పదకొండు చీటీలకు రెండేసి ఖర్జూరాలు. ఒక చీటీ ఖాళీ, దాన్ని తీసినవారి పళ్లెమూ ఖాళీ. తర్వాత లెక్క చెప్పండి. ఐక్యరాజ్య సమితి సంస్థల నివేదిక ప్రకారం 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్లమంది ఆకలితో బాధపడ్డారు. అంటే ఇంచుమించు పన్నెండుమందిలో ఒకరు. ఇక కాసేపు మౌనంగా ఉండండి. పిల్లలు తమంతట తామే పంచుకుంటే, ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్న దైవప్రవక్త (సఅసం) బోధను అప్పుడు వినిపించండి.

ఇక్కడ ఏ పిల్లవాడైనా, “అందరికీ ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ కదా, మరి వీళ్లకెందుకు ఇవ్వలేదు?” అని అడగవచ్చు. ఆ ప్రశ్నను కసరి ఆపకండి. అల్లాహ్ తలచుకుంటే తానే తినిపించేవాడు కదా, మేమెందుకు పెట్టాలి అని తప్పించుకున్న తిరస్కారుల మాటను ‘యాసీన్’ సూరా ఖండించింది. అల్లాహ్ ఈ భూమిలో అందరికీ సరిపడా పండిస్తున్నాడు. 2011లో సోమాలియాలో కరవు వచ్చినప్పుడు వానలు లేకపోవడంతోపాటు యుద్ధమూ, మండిపోయిన ధరలూ, ఆలస్యంగా అందిన సహాయమూ తోడయ్యాయి. సుమారు 2 లక్షల 60 వేలమంది చనిపోయారు. వారిలో సగంమంది అయిదేళ్లలోపు పసివారే. కలిగినవారికి సంపద పరీక్షగా ఇవ్వబడిందని పిల్లలకు ఈ విధంగా వివరించాలి.

రెండవ పని: నలభై గింజలు

ప్రతి జట్టుకూ నలభై చింతగింజలు ఇచ్చి, ఒక గింజను పక్కన పెట్టమనండి. జకాత్ అంటే అదే, నలభైలో ఒక వంతు. హనఫీ ఫిఖహ్ ప్రకారం 612 గ్రాముల వెండికి సమానమైన సంపద, అవసరాలు, అప్పులు పోను, ఒక సంవత్సరం నిలిచినవారిపై ఇది విధి. చేతిలో ఇంకా ముప్ఫై తొమ్మిది మిగిలాయని పిల్లలే చూస్తారు. పక్కన పెట్టిన గింజ మనం దయతలచి ఇచ్చేది కాదు. విశ్వాసుల సంపదలో అడిగేవారికీ, లేమికి గురైనవారికీ తెలిసిన హక్కు ఉందని ‘అల్ మఆరిజ్’ సూరా చెబుతోంది.

మూడవ పని: మట్టి ముంత

నెలరోజులపాటు పిల్లలు తమ చిరుతిండి డబ్బులో కొంత ఒక ముంతలో వేయాలి. ఇష్టమైనదాన్ని ఖర్చుచేయనిదే పుణ్యస్థాయిని అందుకోలేరన్న వాక్యం విని అబూ తల్హా (రజి) తనకెంతో ప్రియమైన బైరుహా తోటను దానమిచ్చిన సంఘటన చెప్పండి. నెలాఖరున ఏం కొనాలో పిల్లలే సలహా సంప్రదింపులతో నిర్ణయించాలి. దాన్ని ఒక పెద్దవారు చడీచప్పుడు లేకుండా అందజేయాలి. ఫోటోలు వద్దు. పేదల ఇళ్లను చూపించడానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లనూ వద్దు. దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాలను వృథా చేసుకోవద్దని దివ్య ఖుర్ఆన్ మందలించింది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మీ ముందు కూర్చున్న పిల్లల్లోనే పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాడు ఉండవచ్చు. అందుకే ఖాళీ పళ్లెం ఎవరిదో చీటీయే తేల్చాలి, మనం ఎవరినీ ఎంచకూడదు. ముంతలో ఎవరెంత వేశారో అడగకూడదు, రాయకూడదు. వేయలేని పిల్లవాడు ముంతను కాపాడే పని చేస్తాడు, కొనే వస్తువును ఎంచుతాడు. అదీ పుణ్యకార్యమే. పేదరికం గురించి నేర్పే పాఠంలో పేదింటి బిడ్డ తలవంచుకోవలసి వస్తే, ఆ పాఠం వల్ల ప్రయోజనం లేదు.

ఇచ్చేటప్పుడు గర్వం లేని మనసునూ, ఇతరుల ఆకలిని గుర్తించే చూపునూ అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.