మహమ్మారి దినములలో ప్రణయ హాస్య చిత్రముల వసూళ్లు

నాయికానాయకులు తొలుత కలహించుకొని, నడుమ అపార్థములలో చిక్కుకొని, తుదకు నవ్వుచు ఒక్కటియగు కథలను ప్రణయ హాస్య కథలందురు. అట్టి కథ చలనచిత్రమై సినిమాహాలునకు వచ్చినప్పుడు టిక్కెట్ల అమ్మకముచే వచ్చు సొమ్మే దాని బాక్సాఫీసు వసూలు. 2020వ సంవత్సరమున కోవిడు వ్యాధి లోకమంతట వ్యాపించినప్పుడు ఈ తరగతి చిత్రముల వసూళ్లు మిక్కిలి క్షీణించెను. అది చూచి, ప్రేమకథలకై జనులిక హాళ్లకు రారనియు, ఆ కాలము గతించినదనియు పలువురు తీర్పు చెప్పిరి. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో ఈ వ్యాసమున విచారింపదలచితిమి. సినిమాల ముచ్చట పాఠశాల పత్రికలో ఏలయని చదువరులు శంకింపవచ్చును. అంకెను చదువు విధము నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి లెక్క మాకు కనబడలేదు. అదియునుగాక, ఆ లెక్కతో మనలో కొందరికి స్వంత సంబంధమును కలదు. దానిని తుదిని చెప్పెదము.

వినోదశాలలకును అంటువ్యాధులకును గల వైరము నేటిది కాదు. 1592, 1593 సంవత్సరములలో లండను నగరమున ప్లేగు చెలరేగినప్పుడు అచ్చటి నాటకశాలలు చాలకాలము మూతపడియుండెను. ఆ విరామమున షేక్స్‌పియరు మహాకవి 1593లో 'వీనస్ అండ్ అడోనిస్' అను ప్రణయకావ్యమును ప్రకటించెను. నాటకశాలకు పోవీలులేనివారు ఇంటనే కూర్చుండి దానిని చదువుకొనిరి. ఆ గ్రంథము పలుమార్లు పునర్ముద్రణము పొందెను. శాలలు తెరువబడిన పిదప, ఆ దశాబ్దముననే, 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్', 'మచ్ అడో అబౌట్ నథింగ్' మొదలగు ఆయన ప్రణయ హాస్య నాటకములు వెలువడెను. 1593వ సంవత్సరపు నాటకశాలల రాబడిని మాత్రమే చూచినవాడు, లండను ప్రజలకు ప్రణయకథలపై రుచి చచ్చినదని వ్రాసికొని యుండును. నిజమునకు కథ చావలేదు. అది శాలనుండి ఇంటికి పోయి, మరల శాలకు వచ్చినది. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

తరువాతి దృష్టాంతము 1918వ సంవత్సరపుది. ఆ యేట ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వ్యాపింపగా అమెరికాలోని అనేక పట్టణములందు సినిమాహాళ్లు మూయబడెను. అక్టోబరు నడుమ నుండి కొన్ని వారములపాటు క్రొత్త చిత్రములను విడుదల చేయరాదని అచ్చటి చిత్రవర్తకుల సంఘము నిశ్చయించెను. న్యూయార్కు నగరమున మాత్రము ఆరోగ్యాధికారి హాళ్లను మూయింపక, రద్దీ తగ్గుటకై ఆటల వేళలను వేరువేరుగ నిర్ణయించెను. ఆ నెలలోనే చార్లీ చాప్లిన్ నటించిన 'షోల్డర్ ఆర్మ్స్' అచ్చటి స్ట్రాండు హాలునకు వచ్చెను. అది ప్రణయకథ కాదు, యుద్ధమును గూర్చిన హాస్యకథ. అయినను నవ్వుకొనుటకై జనులు గుంపులుగా పోయిరి. ఆ హాలు నిర్వాహకుడైన హెరాల్డ్ ఎడెల్, ప్రాణములకు తెగించి వచ్చిన ప్రేక్షకులను మెచ్చుకొనెను. కొలది దినములలోనే ఆయనయే ఆ వ్యాధిచే మరణించెను. కావున మహమ్మారి దినములలో వసూలు హెచ్చుట మేలనియు, తగ్గుట కీడనియు ఊరక చెప్పరాదు. ఒక్కొక్కప్పుడు ఖాళీ కుర్చీయే ఒక ప్రాణమును నిలుపును.

ఇక మన కాలమునకు వత్తము. 2020 జనవరిలో చైనా దేశమున హాళ్లు మూతపడి, సుమారు ఆరు మాసములకు, జూలైలో తెరువబడనారంభించెను. మార్చిలో అమెరికాలోను, మన దేశములోను అట్లే జరిగెను. కెనడాతో కూడిన అమెరికా హాళ్ల వసూలు 2019లో 1,100 కోట్ల డాలర్లకు పైబడియుండగా, 2020లో 200 కోట్లకు కొంచెము మాత్రమే మించినది. అనగా ఐదు పాళ్లలో ఇంచుమించు నాలుగు పాళ్లు పోయినవి. పడిపోయినది ఒక్క ప్రణయ హాస్యమే కాదు. పెనుగాలికి మామిడియు కూలినది, మల్లెపందిరియు కూలినది. మల్లెపందిరిని మాత్రమే చూపి, ఇది బలహీనమైనదనుట తగునా? అందుచే మహమ్మారి కాలపు వసూలును చదువునప్పుడు నాలుగు ప్రశ్నలు వేయవలెనని మా అభిప్రాయము.

మొదటి ప్రశ్న: ఎన్ని తలుపులు తెరచియుండెను? 2020 సెప్టెంబరు 11వ తేదీన 'ది బ్రోకెన్ హార్ట్స్ గ్యాలరీ' అను ప్రణయ హాస్య చిత్రము అమెరికాలో సుమారు 2,200 హాళ్లలో విడుదలయ్యెను. తొలి మూడు దినముల వసూలు సుమారు 11 లక్షల డాలర్లు. విద్యార్థులు భాగహారము చేసి చూతురు గాక. హాలు ఒక్కింటికి వచ్చినది 500 డాలర్లు. టిక్కెట్టు సగటున 9 డాలర్లని కొన్నచో, మూడు దినములలో ఒక్కొక్క హాలునకు వచ్చినవారు సుమారు 55 మంది. ఇది మన పాఠశాలలో ఒక తరగతి పిల్లలంత. చూచుటకు దీనమైన అంకెయే. అయితే ఆ చిత్రకథ జరుగునది న్యూయార్కు నగరమున. ఆ నగరపు హాళ్లు నాడు తెరువలేదు, 2021 మార్చిలో గాని తెరువలేదు. లాస్ ఏంజెలీసు హాళ్లును అట్లే యుండెను. తన యూరివారే తనను చూడ వీలులేని చిత్రమది. అదే కాలమున 20 కోట్ల డాలర్ల వ్యయముతో తీయబడిన 'టెనెట్' అను మహాచిత్రమునకు ప్రపంచమంతట 36 కోట్ల డాలర్లు వచ్చినను, హాళ్ల వాటాయు ప్రకటనల ఖర్చును పోగా అది గిట్టుబాటు కాలేదని వర్తకులు లెక్కకట్టిరి. ఏనుగే దాటలేని యేటిలో మేకపిల్ల ఈతను పరీక్షింపరాదు.

రెండవ ప్రశ్న: ఎన్ని కుర్చీలకు అనుమతి యుండెను? మన దేశమున 2020 అక్టోబరు 15 నుండి సగము కుర్చీలతో హాళ్లు తెరచుకొనుటకు కేంద్ర ప్రభుత్వము అనుమతించెను. తెలుగునాట పేరున్న నటులతో హాళ్లకు వచ్చిన తొలి చిత్రము ప్రణయ హాస్యమే యగుట విశేషము. 2020 డిసెంబరు 25వ తేదీన సాయి ధరమ్ తేజ్ నటించిన 'సోలో బ్రతుకే సో బెటర్' విడుదలయ్యెను. పెండ్లి వలదని అందరకు బోధించు యువకుని కథ యది. నెలల తరబడి ఒంటరిగా ఇండ్లలో మ్రగ్గిన జనులు, ఒంటరి బ్రతుకే మేలను పేరుగల చిత్రమునకు గుమిగూడి పోయిరి! ఒక కుర్చీ విడిచి ఒక కుర్చీలో కూర్చుండవలసిన దినములవి. అట్టి దినములలో సగము నిండిన హాలే నిండిన హాలు. నూటికి ఏబదియే గరిష్ఠమైన పరీక్షలో నలుబది తెచ్చుకొన్నవానిని, నూటికి నలుబది వచ్చినవని నిందింతుమా? 2021 ఫిబ్రవరి నుండి కుర్చీలన్నింటికి అనుమతి దొరకెను. ఆ నెల 12వ తేదీన వచ్చిన 'ఉప్పెన' హాస్యకథ కాదు గాని ప్రణయకథయే. దానికై యువజనులు తండోపతండములుగా హాళ్లకు పోయిరి. పిమ్మట రెండవ తరంగము వచ్చెను. ఏప్రిలు 16వ తేదీకి నిర్ణయింపబడిన 'లవ్ స్టోరి' చిత్రము సెప్టెంబరు 24వ తేదీ వరకు వేచియుండవలసి వచ్చెను. అభిరుచి మారలేదు, అనుమతులు మారినవి.

మూడవ ప్రశ్న: అదే చిత్రము ఇంటనే దొరకుచుండెనా? 2020 ఏప్రిలు మొదటి వారమున హాళ్లకు రావలసిన 'ది లవ్‌బర్డ్స్' అను అమెరికా చిత్రము హాలు మొగము చూడకయే, మే 22వ తేదీన నెట్‌ఫ్లిక్సు ద్వారా ఇండ్లకు చేరెను. 2022 ఫిబ్రవరిలో 'మ్యారీ మీ' అను చిత్రము హాళ్లలోను, ఇండ్లలోను ఒకే దినమున విడుదలయ్యెను. ఇంటనున్న అన్నమును విడిచి పూటకూళ్లింటికి పోవువా రెందరుందురు? ప్రణయ హాస్యములే ఇట్లు సులభముగా ఇల్లు చేరుటకు కారణము కలదు. వానికి బలము మాటలు, ముఖములు, చూపులు. ఇవి చిన్న తెరపైనను అంతగా చెడవు. యుద్ధములు, విస్ఫోటనములు గల చిత్రములకు పెద్ద తెరయు, పెద్ద ధ్వనియు కావలెను గనుక వాని నిర్మాతలు వేచియుండిరి. చిన్న నిర్మాతకు వడ్డీ పెరుగుచుండును, అతడు వేచియుండలేడు. ఇంటింట చూపు సంస్థ ఒక్కమారుగా సొమ్మిచ్చునన్నచో అతడు దానినే స్వీకరించును. మన 'కలర్ ఫోటో'యే ఇందుకు సాక్షి. నవ్వుతో మొదలై కన్నీటితో ముగియు ఆ ప్రేమకథ 2020 అక్టోబరు 23వ తేదీన 'ఆహా' ద్వారా ఇండ్లకు వచ్చినది. తరువాత దానికి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించెను. హాళ్లలో విడుదల కాలేదు గనుక బాక్సాఫీసు ఖాతాలో దాని కెదుట వ్రాయుటకు అంకె లేదు. ఖాతాలో లేనంత మాత్రమున ఆ చిత్రము సున్నయగునా?

అయితే ఇంటికి చేరుటలో నష్టమును కలదు. నవ్వు ఒకరినుండి ఒకరికి అంటుకొనునది. పదిమంది నడుమ కడుపుబ్బ నవ్వించు మాట, ఒంటరిగా విన్నప్పుడు చిరునవ్వుతో సరిపోవును. మరియు హాలు మూతపడినచో టిక్కెట్లిచ్చు గుమాస్తా, ప్రొజెక్టరు ఆపరేటరు, క్యాంటీనులో సమోసాలమ్మువాడు, సైకిలు స్టాండు కాపరి - వీరందరి పొయ్యియు ఆరును. వసూలను మాటలో వీరి కూలియు ఇమిడియున్నది. దీనిని మరచి, ఇంటనే అన్నియు దొరకుచున్నవిగదా యని సంతోషించుట సగము నిజమునే చూచుట యగును.

నాలుగవ ప్రశ్న: ఎన్ని వారములు వేచి చూచితిమి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన కోవిడు అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. అంతకు ముందే, 2022లో, సాహసముతో కూడిన ప్రణయ హాస్యమగు 'ది లాస్ట్ సిటీ'కి ప్రపంచమంతట 19 కోట్ల డాలర్లకు పైగాను, 'టిక్కెట్ టు ప్యారడైజ్'కు 16 కోట్లకు పైగాను వచ్చెను. 2023 డిసెంబరు 22వ తేదీన 'ఎనీవన్ బట్ యు' విడుదలయ్యెను. అమెరికాలో దాని తొలి వారాంతపు వసూలు సుమారు 60 లక్షల డాలర్లు మాత్రమే. తొందరపడువారు నాడే దాని కథ ముగిసినదందురు. కాని చూచినవారు చెప్పగా చూడనివారు వచ్చిరి. రెండవ వారాంతమున మొదటిదానికంటెను, మూడవదానియందు రెండవదానికంటెను వసూలు హెచ్చెను. సామాన్యముగా చిత్రముల వసూలు వారము వారమునకు తగ్గును గాని ఇట్లు పెరుగదు. తుదకు సుమారు రెండున్నర కోట్ల డాలర్లతో తీయబడిన ఆ చిత్రమునకు ప్రపంచమంతట 22 కోట్ల వరకు వచ్చెను. దాని కథకు మూలమేదో తెలియునా? మనము పైని చెప్పుకొన్న షేక్స్‌పియరు నాటకము 'మచ్ అడో అబౌట్ నథింగ్'. నాలుగు శతాబ్దముల పిమ్మట అదే కథ, మరియొక మహమ్మారి దాటి, మరల శాలకు వచ్చినది.

ఈ నాలుగు ప్రశ్నలు ప్రతి అపజయమును కప్పిపుచ్చుటకు గాదని హెచ్చరించుచున్నాము. 2022 సెప్టెంబరు 30వ తేదీన 'బ్రోస్' అను ప్రణయ హాస్యము విడుదలగునాటికి తలుపులు తెరచియుండెను, కుర్చీలన్నింటికి అనుమతి యుండెను, ఇంట నది దొరకుట లేదు. అయినను తొలి వారాంతమున 50 లక్షల డాలర్లైనను రాలేదు, తరువాతి వారములందును వసూలు పుంజుకొనలేదు. అట్టి చోట ప్రేక్షకులు రాలేదనియే ఒప్పుకొనవలెను. ముందు ప్రశ్నించుట, పిదప తీర్పు చెప్పుట - ఇదియే న్యాయమార్గము.

ఇక మొదట మాటయిచ్చిన సంగతి. 2020, 2021 సంవత్సరములలో మన రెండు తెలుగు రాష్ట్రములందు పదవ తరగతి పరీక్షలు యథావిధిగా జరుగలేదు. వ్రాయవలసినవారందరును ఉత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. ఆ బాలబాలికలను నేటికిని కొందరు 'కరోనా బ్యాచి' యని పరిహసించుట మేము వినుచున్నాము. వారికి ఎన్ని దినములు బడి తలుపులు తెరచియుండెను? ఇంట ఫోను ఎందరికుండెను? అన్నదమ్ములు నలుగురు ఒక్క ఫోనులో పాఠము విన్న యిండ్లెన్ని? ఆ కాలమున ఇంటి పెద్దను పోగొట్టుకొన్నవారెందరు? ఈ ప్రశ్నలు వేయక వారి పత్రములోని అంకెను చూచి నవ్వుట, మూతపడిన హాలు ముందర నిలిచి, ఈ చిత్రమునకు జనులే రాలేదని నవ్వుటవంటిది. వారికిని వారములు మిగిలియున్నవి. వారిలో పలువురు ఇప్పటికే పై తరగతులలో పరీక్షలు వ్రాసి తమ శక్తిని చూపినవారే.

అంకె అబద్ధమాడదని పెద్దలందురు. నిజమే. కాని అడుగని ప్రశ్నకు అది బదులు చెప్పదు. చదువరులు ఇకమీదట ఏ లెక్కను చూచినను, అది చిత్రపు వసూలు కానిండు, తోటివాని మార్కులు కానిండు, ఆనాడు తలుపు తెరచియుండెనా యని ముందుగా అడుగుదురు గాక.