భోగి పొద్దున నీ చెయ్యి

చిన్నా,

రెండుసార్లు నీ నంబరు నొక్కి, మళ్ళీ పెట్టేశాను. ఫోన్లో అయితే నువ్వు "అదేం లేదు పెద్దమ్మా" అంటావు, నేను ఊరుకుంటాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

భోగినాడు తెల్లవారుజామున మంట దగ్గర నీకు కాఫీ గ్లాసు ఇచ్చింది నేనే. రెండు చేతులతో పట్టుకున్నావు. అయినా తొణికి నీ వేళ్ళ మీద పడింది. చలి అన్నావు, అందరూ చలే అనుకున్నారు. తర్వాత చార్జరు కారులో ఉందంటూ వెళ్ళి, పది నిమిషాలకు సోంపు నములుతూ వచ్చావు. అరగంట పోయాక గుమ్మానికి మామిడి తోరణం కడుతుంటే చూశాను. పురికొసకు ఒక్కొక్క ఆకూ గుచ్చుతున్నావు. చెయ్యి ఇసుమంతైనా అదరలేదు. వణుకు చూసినప్పటికంటే అది అలా కుదురుకోవడం చూసినప్పుడే నా గుండె ఝల్లుమంది.

ముప్పై రెండేళ్ళు నర్సుగా చేశాను, ఆ వణుకు నాకు తెలుసు. ఎముకల వార్డులో కాలు విరిగి చేరిన మనిషి మొదటి రోజు బాగానే ఉండేవాడు. అక్కడ సీసా దొరకదు. రెండో రోజుకి చేతులు వణకడం, ఒళ్ళంతా చెమటలు. మూడో రోజు రాత్రి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటూ కూర్చునేవాడు, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడేవాడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు తెచ్చేవాళ్ళు. రోజూ తాగుతాడా అని అడిగితే భార్య తల దించుకుని "అప్పుడప్పుడూ" అనేది. ఆ ఒక్క మాటతో వైద్యం ఆలస్యమైనవాళ్ళు ఎంతమందో.

మన ఇంట్లోనూ అంతే. మీ పెద్ద మామయ్య ఎలా పోయాడని ఎవరడిగినా కామెర్లు అంటాం. పసరు కోసం ఊళ్ళన్నీ తిప్పాం. నర్సునై ఉండి నేను కూడా కామెర్లనే అన్నాను. వాడు ఏనాడూ తూలలేదు, ఉద్యోగానికి ఎగ్గొట్టలేదు, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఎంత తాగినా ఎక్కదని స్నేహితులు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఎక్కడం లేదంటే ఒళ్ళు దానికి అలవాటు పడిపోయిందని. కాలేయం మాత్రం లోలోపల పాడవుతూనే ఉంటుంది, చివరిదాకా నొప్పయినా తెలియనివ్వదు. అప్పుడు నోరు విప్పనందుకే ఇప్పుడు నీకు రాస్తున్నాను.

బీరే కదా అంటావు. మీ ఇంటి ఫ్రిజ్జులో చూశాను, స్ట్రాంగ్ బీరు. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం ఆల్కహాలంటే సుమారు 41 గ్రాములు. 120 మిల్లీలీటర్ల విస్కీలోనూ దాదాపు అంతే ఉంటుంది. ఒక్క పూటలో 60 గ్రాములకు చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కింద లెక్కేస్తుంది. రెండు సీసాలు తాగావంటే ఆ గీత ఎప్పుడో దాటినట్టే.

మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టలేదుగా అంటావు. నిజమే, నీ దీక్ష చూసి మీ అమ్మ ఎంత మురిసిపోయిందో. కానీ శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం ఎక్కడున్నావో గుర్తు తెచ్చుకో. పైగా అది మూడేళ్ళ నాటి మాట. అప్పుడు పొద్దున్నే నీ చెయ్యి వణికేది కాదు.

డాక్టర్లు అడిగే నాలుగు ప్రశ్నలున్నాయి. జాన్ యూయింగ్ అనే అమెరికా డాక్టరు 1984లో ప్రచురించాడు, ఇప్పటికీ వాడుతున్నారు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనుకున్నావా? నీ తాగుడు గురించి ఎవరైనా అంటే ఒళ్ళు మండిందా? తప్పు చేస్తున్నానని లోపల బాధపడ్డావా? పొద్దున లేవగానే కుదుటపడటానికి తాగావా? రెండింటికి అవునన్నా వెళ్ళి చూపించుకోవాలి. మొదటి మూడూ నీకే తెలియాలి. నాలుగోదాని జవాబు తోరణం దగ్గర నేను చూశాను.

కనుమ రాత్రికి ఉండమంటే పాప స్కూలు ఉందని మధ్యాహ్నమే బయల్దేరావు. స్కూలు ఇంకో మూడు రోజులకు గానీ తెరవరని పాపే నాకు చెప్పింది.

ఒక్క సంగతి జాగ్రత్తగా విను. ఇది చదివి పౌరుషానికి పోయి, సీసాలు పారబోసి, ఒక్కసారిగా మానేయకు. రోజూ తాగే మనిషి ఠక్కున ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ఆపైన నేను వార్డులో చూసిన స్థితి. ప్రాణం మీదికొస్తుంది. ఆస్పత్రిలో అయితే వణుకూ ఫిట్సూ రాకుండా మాత్రలు మొదలుపెట్టి, కొన్ని రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిను ఇంజెక్షన్లు ఇస్తారు. తర్వాత మనసు అటు లాగకుండా నెలల తరబడి వేసుకునే మాత్రలూ ఉన్నాయి. మీ అమ్మ ఏదో ప్రకటన చూసి, అన్నంలో తెలియకుండా కలిపే పొడి తెప్పిద్దామంది. గట్టిగా కోప్పడ్డాను. తాగుడు పడకుండా చేసే మందు ఒంట్లో ఉందని తెలియక పైన తాగితే బీపీ పడిపోయి మనిషే దక్కకపోవచ్చు.

ఎర్రగడ్డ ఆస్పత్రి పేరును జనం తిట్టుగా వాడతారని తెలుసు. తాగుడు మాన్పించే వైద్యం అక్కడుంది. ఆ పేరు నీకు గుచ్చుకుంటే వేరే మానసిక వైద్యుడి దగ్గరికే వెళ్దాం. ఈలోగా అర్ధరాత్రి ఎప్పుడైనా ఉండబట్టకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్, ప్రభుత్వానిదే. డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు.

కోడలితో నేనేమీ అనలేదు. తనకు తెలియదని మాత్రం అనుకోకు.

శుక్రవారం రాత్రి బండికి బయల్దేరుతున్నాను. శనివారం సెలవు పెట్టు. రోజుకి ఎంత తాగుతావని డాక్టరు అడిగేటప్పుడు నేను బయట కూర్చుంటాను, ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పు. స్టేషనుకు కారు తేవద్దు, ఆటో మాట్లాడుకుని నేనే వస్తాను.

మీ పెద్దమ్మ