పసుపు కర్రపెండలం పిండి: అందులో ఏముంది, ఏమి లేదు?

కర్రపెండలం దుంప మన గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతాల వారికి బాగా తెలుసు. మనం వాడే సగ్గుబియ్యం ఈ దుంప నుండి తీసిన పిండితోనే తయారవుతుంది. ఆఫ్రికాలో కోట్లాది మందికి ఈ దుంపే రోజువారీ ఆహారం. అక్కడ ఇప్పుడు పసుపు రంగు దుంపలు కూడా పండిస్తున్నారు. వాటి పిండి మంచిచెడ్డలు తెలుసుకుంటే, మన ఇంట్లో రోగికి ఏమి పెట్టాలో కూడా తెలుస్తుంది.

పసుపు దుంప ఎందుకు వచ్చింది?

మామూలు దుంప తెల్లగా ఉంటుంది. అందులో విటమిన్-ఎ దాదాపు ఉండదు. అదే ముఖ్య ఆహారంగా పెరిగే పిల్లలకు ఈ విటమిన్ లోపిస్తుంది. మొదట రేచీకటి వస్తుంది. తరువాత తెల్లగుడ్డు పొడిబారి, దానిపై నురగ లాంటి మచ్చలు కనిపిస్తాయి. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇలాంటి పిల్లలకు తట్టు, విరేచనాలు వస్తే ప్రాణాపాయం కూడా ఎక్కువ.

అందుకే నైజీరియాలో 2011లో మూడు, 2014లో మరో మూడు పసుపు రకాలను రైతులకు విడుదల చేశారు. ఇవి జన్యుమార్పిడి పంటలు కావు. మంచి మొక్కలను ఎంచి, సంకరపరచి తయారు చేసినవి. వాటి పసుపు రంగుకు కారణం బీటా కెరోటిన్. మన శరీరం దానిని విటమిన్-ఎగా మార్చుకుంటుంది. కెన్యాలో బడిపిల్లలకు సుమారు నాలుగున్నర నెలలు ఈ దుంప పెట్టి చూడగా, వారి రక్తంలో విటమిన్-ఎ కొద్దిగా పెరిగిందని 2016లో ప్రకటించారు.

పిండి చేస్తే మేలు తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. ఎండ, వేడి, గాలి తగిలితే బీటా కెరోటిన్ నశిస్తుంది. నెలల తరబడి నిలవ ఉంచిన పిండిలో చాలా తక్కువ మిగులుతుంది. అందువల్ల ఈ పిండిని వెలుతురు సోకని డబ్బాలో గట్టిగా మూతపెట్టి, త్వరగా వాడుకోవాలి. వంటలో కొంచెం నూనె ఉంటేనే ఈ పోషకం ఒంటికి పడుతుంది. తెల్ల పిండికి రంగు కలిపినంత మాత్రాన విటమిన్ రాదు.

అందులో ఏమి లేదు?

100 గ్రాముల పిండిలో 80 గ్రాములకు పైగా పిండి పదార్థమే. మాంసకృత్తులు 1 లేక 2 గ్రాములు మాత్రమే. అదే 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయి. రంగు మారినా ఈ లోటు మారదు. గోధుమ పడనివారు కర్రపెండలం పిండి తినవచ్చు. షుగరు వ్యాధి ఉన్నవారు మాత్రం అన్నం లాగే దీనినీ కొలత ప్రకారమే తినాలి.

ఒక హెచ్చరిక

పచ్చి దుంపలో సయనైడ్ విషాన్ని పుట్టించే పదార్థం ఉంటుంది. పసుపు రకంలోనూ ఉంటుంది. చెక్కు తీసి, నానబెట్టి లేక తురిమి పులియబెట్టి, నీరు పిండి, ఆరబెట్టి, బాగా ఉడికించాలి. చేదు దుంపను సరిగా శుద్ధి చేయకుండా, పప్పు, చేపలు వంటివి లేకుండా రోజూ తిన్నవారికి కాంగో, మొజాంబిక్ దేశాలలో కాళ్లు ఒక్కసారిగా చచ్చుబడిపోయాయి. ఆ జబ్బును కొంజో అంటారు. పచ్చి దుంప ఎవరూ తినకూడదు.

మన ఇంట్లో ఏమి చేయాలి?

1. సగ్గుబియ్యం జావ నీరసానికి కొంత శక్తినిస్తుంది, అంతే. రోజుల తరబడి అదొక్కటే పోస్తే రోగి కండ కరిగిపోతుంది. డాక్టరు ఒప్పుకున్న వెంటనే పాలు, పెసరపప్పు కట్టు, మెత్తని పప్పన్నం, గుడ్డు మొదలుపెట్టండి.

2. పసుపు కర్రపెండలం దొరకలేదని విచారపడనక్కరలేదు. మునగాకు, తోటకూర, పాలకూర, క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, మామిడి పండులో బీటా కెరోటిన్ ఉంది. ఆకుకూరలు కొంచెం నూనెతో వండండి.

3. పిల్లలకు 9వ నెలలో మొదటి విటమిన్-ఎ మోతాదు, ఆ తరువాత 5 సంవత్సరాల వరకు టీకాల కార్డు ప్రకారం వేయించండి. గర్భిణీలు మాత్రం సొంతంగా విటమిన్-ఎ మాత్రలు మింగకూడదు.

4. సాయంత్రం చీకటి పడగానే బిడ్డ తడుముకుంటూ నడుస్తున్నా, గుమ్మాలకు తగులుతున్నా ఆకుకూరలు పెడితే సరిపోతుందని ఊరుకోకండి. మరునాడే కళ్లు పరీక్ష చేయించండి. సకాలంలో మందు పడితే రేచీకటి తగ్గిపోతుంది. నల్లగుడ్డు దెబ్బతిన్న తరువాత పోయిన చూపు మందులతో తిరిగిరాదు.